ఇటలీ మేనమామ

ఇటలీ వాళ్లలో మేనరికాలు ఉండవని నాకు తెలుసు. తెలిసుండీ ఒక ఆదివారం మధ్యాహ్నం, రాజాంలో, నిండిన హాలు ముందు మైకు పట్టుకుని ఒక ఇటలీ పిల్లకు మేనమామను అంటగట్టాను. కావాలని చేసింది కాదు. నోరు జారింది. ఒకసారి జారాక రెండున్నర గంటలపాటు అది నా చేతికి చిక్కలేదు.

అప్పుడు నేను డిగ్రీ ఆఖరి ఏడు. మా ఊరి నుంచి రోజూ వచ్చిపోవడానికి బస్సులు కుదరక హైస్కూలు రోజుల నుంచీ రాజాంలో అమ్మమ్మ ఇంట్లోనే ఉండి చదువుకునేదాన్ని. ఇంట్లో ముగ్గురం: అమ్మమ్మ, నేను, మా అమ్మకు తమ్ముడైన మావ. మావ నాకన్నా పదమూడేళ్లు పెద్ద. పొలం కౌలుకిచ్చేసి బజార్లో మైకుసెట్ల షాపు పెట్టాడు. పెళ్లికి మైకు, నాటకానికి మైకు, ఎన్నికలకు మైకు, మందిరంలో పండగకు మైకు. ఆమధ్యనే ఒక ప్రొజెక్టరు కూడా కొన్నాడు. క్రికెట్టు ఉన్న రోజున బజారంతా ఆయన షాపు ముందే ఉండేది.

నేను పుట్టినరోజునే పొత్తిళ్లలో చూసి "ఇది మావోడి పెళ్లాం" అని అమ్మమ్మ తేల్చేసిందట. పదో తరగతిదాకా నాకూ అది గొప్పగానే ఉండేది. ఊళ్లో మైకులన్నీ ఎవరివో ఆయన నా మొగుడు కాబోతున్నాడంటే మాటలా! తర్వాత ఎప్పుడో, ఏ రోజో చెప్పలేను, ఆ మాట ఎత్తితే అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోవడం మొదలుపెట్టాను. మావంటే ఇష్టమే. జ్వరమొస్తే మంచం పక్కన నిలబడి "ఏటే గుంటా, సచ్చిపోతావేటి?" అని ఆయన అంటే సగం జ్వరం దిగేది. అలాంటి మనిషి పక్కన పీటల మీద కూర్చోవడం తలచుకుంటే ముందు నవ్వొచ్చేది, వెంటనే ఏడుపొచ్చేది. కాదనడానికి మాత్రం ధైర్యం లేదు. అమ్మమ్మ మాటకు అడ్డం చెప్పినవాళ్లు మా ఇంటావంటా లేరు. మావ మనసులో ఏముందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. గురువారం పంతులుగారి దగ్గరికి వెళ్లి ముహూర్తం పెట్టించేద్దామని అమ్మమ్మ అనేసింది. నోరు విప్పడానికి నాకు మిగిలింది నాలుగు రోజులు.

ఇక ఆ ఇటలీ గొడవ. మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మేడం బాప్టిస్టు మందిరంలో క్వయర్, అంటే పాటల బృందం, నడిపేవారు. సన్నగా, పొట్టిగా ఉండేవారు గానీ పాట ఎత్తుకుంటే కిటికీ రెక్కలు కదిలేవి. ఆవిడ విశాఖపట్నంలో ఒక పాత పుస్తకాల షాపులో డీవీడీ ఒకటి సంపాదించారు. ఇటలీ హాస్య ఒపెరా, స్టేజీ మీద ఆడుతుండగా తీసిన సినిమా. మాటలు ఉండవు, కోపమొచ్చినా పాటే, ఆకలేసినా పాటే. మా క్వయర్ పిల్లలు నోట్లో వక్క పెట్టుకున్నట్టు పాడుతున్నారని ఆవిడకు బెంగ. నోరు తెరిచి పాడటమంటే ఏమిటో చూపిద్దామని మందిరం పక్క హాల్లో ఆ సినిమా వేయడానికి మందిరం పాస్టరు అయ్యగారి దగ్గర అనుమతి తీసుకున్నారు. ప్రొజెక్టరు మా మావది.

మావకు ఏ పనైనా ఒక పిసరు ఎక్కువ చేసే గుణం. బోర్డు రాసి పెట్టమంటే "ఇటలీ సంగీత నాటకం. అందరూ రండి" అని ఎర్ర రంగుతో రాసి, ఒకటి మందిరం గేటుకు కట్టి, ఇంకొకటి బస్టాండులో కట్టాడు. మా వైపు పద్యనాటకమంటే పడిచచ్చే జనం ఇప్పటికీ ఉన్నారు. నలభై మంది క్వయర్ కోసం వేసిన బెంచీల మీదికి చుట్టుపక్కల ఊళ్ల రైతులు భుజాన తువ్వాళ్లు వేసుకుని వచ్చేశారు. హార్మోనియం ఎక్కడ పెడతారని ఒకాయన అడిగాడు. మా అమ్మమ్మ జరీ చీర కట్టుకుని, ముందు బెంచీలో, అయ్యగారి పక్కనే కూర్చుంది. ప్రొజెక్టరు ఆవిడ కొడుకుది కాబట్టి ఆ నాటకం మొత్తం ఆవిడదే అన్నట్టు చూస్తోంది.

అసలు ఏర్పాటు ఏమిటంటే, తెర మీద కింద ఇంగ్లీషులో పడే మాటలను మేడం తెలుగులో మైకులో చెప్పాలి. వారమంతా క్వయర్ పిల్లల మీద అరిచి అరిచి ఆదివారానికి ఆవిడ గొంతు పూర్తిగా పోయింది. గాలి తప్ప ఏమీ రావడం లేదు. నా చేతిలో మైకు పెట్టి, ఒక కాగితం మీద "నువ్వు చెప్పు. నేను పక్కనే ఉంటా" అని రాశారు. ఆవిడ చేతిలో ఇంకా బోలెడు కాగితాలున్నాయి. నేను మైకు తిరిగి ఇచ్చేయబోయాను. మావ లాప్‌టాప్ ముందు కూర్చుని "సెప్పేయే, ఎవులికి తెలస్తాది" అన్నాడు.

కిటికీలకు దుప్పట్లు కట్టారు. తెర వెలిగింది. ముందు ఒక పెద్ద నాటకశాల, జనం, స్టేజీ కింద గొయ్యిలాంటి చోట వయొలిన్లు పట్టుకున్నవాళ్లు కనిపించారు.

"పాపం, ఆల్లని గొయ్యిలో కూకోబెట్టినారేటి?" అంది వెనక ఎవరో ఆడమనిషి.

"ఆ కర్రట్టుకున్నాయన ఎవులు? సరిగ్గా వాయించకపోతే కొడతాడా?"

వాద్యాల సంగతి చెప్పడానికి మైకు ఎత్తేలోపే తెర లేచింది. బూడిద జల్లినట్టున్న టోపా, అదే విగ్గు, పెట్టుకున్న ఒక ముసలాయన, ఆయన చుట్టూ పెళ్లి సామాను. మేడ మీద నుంచి ఒక పిల్ల తొంగి చూసి లోపలికి పోయింది. ఆ పిల్లకు తల్లీతండ్రీ లేరు, ఈయనే పెంచాడు, ఇప్పుడు ఈయనే పెళ్లి చేసుకుంటానంటున్నాడు. ఇంతవరకు బాగానే చెప్పాను.

"అయితే ఆ ముసిలోడు పిల్లకేటవుతాడమ్మా?" అని మూడో బెంచీలోంచి ఒక తలపాగా రైతు అడిగాడు.

తెర మీద ఇంగ్లీషులో ఉన్న మాటకు పుస్తకాల్లో సంరక్షకుడు అంటారు. ఆ మాట నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు. పెంచినవాడు, పెద్దవాడు, పెళ్లాడతానంటున్నవాడు. అలాంటి మనిషిని నేను పుట్టి బుద్ధెరిగి ఒక్కడినే చూశాను. "మేనమావ" అన్నాను.

హాలంతా ఊపిరి పీల్చుకుంది.

"అదీ! మరి ముందే సెప్పవేటి? మేనమావంటే హక్కుదారుడే గదా."

"వొయసు కూసింత ఎక్కువైనాది గానీ, సమ్మందం మంచిదే."

మేడం పక్కనుంచి నా జాకెట్టు చెయ్యి పట్టుకుని గుంజారు. కాగితం మీద పెద్ద అక్షరాలతో "మేనమామ కాదు!!" అని ఉంది. అప్పటికే ముసలాయన తన పెళ్లి గురించి పాట ఎత్తుకున్నాడు. నాలుక ఎక్కడ తిరుగుతోందో తెలియనంత వేగంగా, ఊపిరి తీయకుండా పాడేశాడు. ఆఖరి మాట దగ్గర పొట్ట ఊపి చేతులు చాచాడు. చప్పట్లు. వెనక నుంచి ఒక గొంతు లేచింది.

"వన్స్ మోర్!"

నాటకాల్లో పద్యం నచ్చితే అలా అరవడం, నటుడు మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవడం మావైపు మామూలే. మావ ఏళ్ల తరబడి నాటకాలకు మైకు పెట్టినవాడు. ఆ అరుపు చెవిన పడితే ఆయన చెయ్యి ఆయన మాట వినదు. టక్కున వెనక్కి తిప్పేశాడు. ఇటలీ ముసలాయన మళ్లీ మొదటినుంచి ఎత్తుకుని, ఒక్క అక్షరం తేడా లేకుండా పాడాడు.

"సూసినావా, ఎంత సెప్పిన మాటినే మనిషో!" అని ముచ్చటపడ్డారు. మూడోసారి కూడా పాడించారు.

ఆ సందులో నేను తప్పు దిద్దుకోబోయాను. "ఆయన ఆ అమ్మాయికి మేనమామ కాదండీ. ఏ చుట్టరికమూ లేదు. ఊరికే పెంచాడు" అన్నాను. తలపాగా రైతు లేచి నిలబడ్డాడు.

"ఇందాక అవునన్నావు, ఇప్పుడు కాదంతన్నావు. రెండు పాటల్లోనే సుట్టరికం ఎటెల్లిపోతాది తల్లీ?"

"ఊరికే పెంచినోడైతే మరీ మంచోడు" అంది మా అమ్మమ్మ.

మేడం కాగితం కింద పడేసి తల పట్టుకున్నారు. నాకేమో నవ్వు ఆగడం లేదు. మైకులో నవ్వితే ఎలా ఉంటుందో హాలు మొత్తానికి తెలిసిపోయింది.

అక్కడినుంచి ఒపెరా తలకిందులైపోయింది. తీసినవాళ్లు ఎవరిని చూసి నవ్వమన్నారో మావాళ్లు ఆయనకు జేజేలు కొట్టారు. ఎవరిని చూసి మురిసిపొమ్మన్నారో అతగాణ్ణి చూసి పళ్లు నూరారు. ఆ పిల్ల ప్రేమించిన కుర్రాడొకడు పెళ్లిబట్టలు కుట్టే దర్జీ వేషంలో, మెడలో టేపు వేసుకుని ఇంట్లోకొచ్చాడు. పిల్ల నడుము కొలిచే వంకతో పాట అందుకున్నాడు. ఎంత తీయని గొంతని! క్వయర్ పిల్లలు నోళ్లు తెరిచారు, మేడం కోరుకున్నంత తెరిచారు. రైతుల బెంచీల్లో మాత్రం ఒక్కరూ కదల్లేదు.

"టేపు తియ్యరా ముందు" అన్నారెవరో.

ముసలాయన అడుగుల చప్పుడు వినిపించగానే పిల్ల ఆ కుర్రాణ్ణి బట్టల బీరువాలోకి తోసి తలుపు వేసింది. ముసలాయన వచ్చి సరిగ్గా ఆ బీరువాకే ఆనుకుని నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

మావ జనరేటర్ దగ్గరికి పరిగెత్తాడు. దుప్పట్లు పక్కకి లాగేసరికి ఎండ లోపలికొచ్చింది. ఇక మొదలైంది తగువు.

"బీరువాలో గాలాడదమ్మా, కుర్రోడు ఏటైపోతాడో!" అంది క్వయర్‌లో పాడే ఒక ఆసుపత్రి నర్సమ్మ.

"దొంగలాగ దూరినోడికి గాలేటి?"

"దొంగతనం తప్పే, కానీ పిల్ల మనసు కూడా చూడాలి గదా" అన్నారు అయ్యగారు, మర్యాదగా.

మా అమ్మమ్మ లేచింది. కొంగు సర్దుకుని, అయ్యగారి వైపు ఒకసారి, జనం వైపు ఒకసారి తిరిగింది. "సూడండి బాబూ. తల్లీతండ్రీ నేని పిల్ల. మావ పెంచినాడు, అన్నమెట్టినాడు, బట్టలు కుట్టించినాడు. ఇయ్యాల బీరువాలో దూరినోడితో ఎలిపోతాదా? మా ఇంట్లోనూ ఉన్నాది ఒక గుంట. మైకట్టుకుని నిలబడ్డాదే, అదే. దాన్నీ మావోడే సూసుకున్నాడు. గురువారం ముహూర్తం ఎట్టించేస్తన్నాం. ఏటైనా అన్నాదేమో అడగండి దాన్ని!"

హాలు మొత్తం నా వైపు తిరిగింది. జనరేటర్ తాడు లాగి లాగి, చేతులు పాతగుడ్డతో తుడుచుకుంటూ మావ లోపలికొచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. నేను ఏదో ఒకటి అనాలి. అనడానికి ఇంతకంటే మంచి సమయం మళ్లీ రాదు. నేను ఇకిలించాను, అంతే. నా మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. కరెంటు వచ్చేసింది, ఎవరో దుప్పట్లు కట్టేశారు, మావ వెళ్లి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

తెర మీద పిల్ల ఒక్కతే మిగిలింది. పెళ్లి ముసుగు మోకాళ్ల మీద పెట్టుకుని నేల మీద కూర్చుంది. అప్పటిదాకా గెంతిన వాద్యాలన్నీ తగ్గిపోయి ఒక్క పిల్లనగ్రోవి లాంటిది మిగిలింది. ఆ పిల్ల మెల్లగా పాడటం మొదలుపెట్టింది. కింద ఇంగ్లీషులో చందమామ, పంజరం, ఇంకా ఏవో వస్తున్నాయి. మేడం ఆ పాటకు అర్థం ముందే కాగితం మీద రాసి నాకు అందించారు. నేను కాగితం చూడలేదు.

అప్పటిదాకా పేపరు భాషలో చెబుతున్నదాన్ని, ఇంటి భాషలోకి దిగిపోయాను.

"ఆయన సెడ్డోడు కాదు" అన్నాను. "మంచోడే. అన్నమెట్టినాడు. జొరమొస్తే పక్కన కూకున్నాడు. నాను కాదంతన్నానా? అన్నమెట్టినోడికి దణ్ణమెడతాను. పెళ్లాన్ని అవ్వలేను. ఆయన్ని సూస్తే నాకు బయం నేదు, సిగ్గూ నేదు. సిగ్గే నేకపోతే ఇంక పెళ్లేటి? ఈ మాట ఇంట్లో సెప్పడానికి నోరు రానేదు. అందుకే పాడతన్నాను."

ఒపెరాలో ఈ మాటల్లో ఒక్కటీ లేదు. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, పెద్ద స్పీకర్లలోంచి, మావ సొంత చేతులతో బిగించిన స్పీకర్లలోంచి. పాట అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వన్స్ మోర్ అని ఎవరూ అనలేదు.

పిల్లనగ్రోవి మళ్లీ మొదలైంది.

అటు చూశాను. మావ చెయ్యి లాప్‌టాప్ మీదే ఉంది. నా వైపు చూడటం లేదు, తెర వైపు చూస్తున్నాడు. ఎవరూ అడక్కుండా ఆయనే వెనక్కి తిప్పాడు. ఆ పిల్ల మళ్లీ మొదటినుంచి పాడింది.

"మల్లీ సెప్పవేటమ్మా?" అన్నాడు తలపాగా రైతు.

"ఇందాకే సెప్పినాది గదయ్యా, ఇను" అంది నర్సమ్మ.

రెండోసారి పాట అందరూ ఊరికే విన్నారు. అయ్యేసరికి ముందు ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు, తర్వాత క్వయర్, ఆ తర్వాత రైతులు కూడా. "పిల్లకి ఇష్టం నేదన్నమాట" అని తలపాగా రైతు పక్కాయనకు నెమ్మదిగా చెప్పాడు. అమ్మమ్మ మాత్రం "ఏటి లోటు దానికి?" అని తెరను నిలదీసింది.

ఆ తర్వాత ఇంకేముంది, హాలు మొత్తం పార్టీ మార్చేసింది. బీరువా తలుపు తెరుచుకుని కుర్రాడు గౌన్లు నెత్తిన వేసుకుని బోర్లా పడితే ఈలలు పడ్డాయి. ముసలాయన చీపురు పట్టుకుని వెంటబడ్డాడు, టోపా జారి సూపులో పడింది, వంటమనిషి దాన్ని గరిటెతో తీసి పిండింది. నేను చెప్పేది ఎవరికీ అక్కర్లేకపోయింది. మేడం గాలి గొంతుతోనే పాడేస్తున్నారు. ఆఖరికి ముసలాయన నేల మీద చతికిలబడి, బట్టతల తడుముకుని, పగలబడి నవ్వాడు. పిల్ల చెయ్యి ఆ కుర్రాడి చేతిలో పెట్టాడు. అందరూ ఒక వరుసలో నిలబడి, ఒకరిని మించి ఒకరు గొంతెత్తి పాడారు. మా క్వయర్ పిల్లలు లేచి, మాటలు తెలియకపోయినా, వాళ్లతో గొంతు కలిపేశారు. ఆ హాల్లో అంత చప్పుడు క్రిస్మస్‌కి కూడా నేను వినలేదు.

నాటకం బాగుంటే నటుడికి శాలువానో తువ్వాలో కప్పి మైకులో చెప్పించడం మావాళ్ల ఆనవాయితీ. తలపాగా రైతు తన కొత్త తువ్వాలు తీసి ముందుకొచ్చాడు. "ఆ ముసిలోడికి కప్పాలమ్మా. పెద్దమనసు" అన్నాడు. తెర మీద మనిషికి ఎలా కప్పుతారు? అటూ ఇటూ చూసి, తీసుకెళ్లి మా మావ భుజాల మీద కప్పేశాడు. జనం గొల్లున నవ్వారు. మావ కూడా నవ్వి, నటుల్లాగే రెండు చేతులూ జోడించి వంగి దణ్ణం పెట్టాడు. నేను చప్పట్లు కొట్టాను. ఎంత ఉత్సాహంగా కొట్టానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సామాను సర్దేటప్పుడు మావ అరచేతికీ మోచేతికీ వైరు చుట్టుకుంటూ "బాగా సెప్పినావే" అన్నాడు.  నేను స్పీకర్ల మీద గుడ్డలు కప్పుతూ ఇంకా ఏదో అంటాడని ఎదురుచూశాను. వ్యాన్ వచ్చింది, ఎక్కించేశాం.

ఇంటికొచ్చేసరికి ఇంకా పొద్దుంది. అమ్మమ్మ వేడివేడిగా అన్నం వడ్డించి, గురువారం పొద్దున్నే బయల్దేరితే ఎండెక్కేలోపు వచ్చేయొచ్చని మొదలుపెట్టింది.

"నాను రాను" అన్నాడు మావ, ముద్ద కలుపుతూ.

"షాపు ఒక్కపూట మూసెయ్."

"షాపు కాదమ్మా. నాకీ పిల్లొద్దు."

అమ్మమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. 

"ఏటన్నావురా?"

"ఒద్దంతన్నాను. నా కళ్లముందు ముక్కు సీదుకున్న గుంట. ఊరందరి ముందూ ఆ నోరేటి, ఆ నవ్వేటి! నాకు నిమ్మళంగా ఉండే మనిషి కావాల. ఇన్నాళ్లూ నువ్వు బాదపడతావని సెప్పనేదు."

ఆయన అబద్ధం చెబుతున్నాడని నాకు తెలుసు. నా వైపు ఒక్కసారి కూడా చూడకపోవడంలోనే తెలిసింది. కాదు, వద్దన్నది నేను, అని ఆ క్షణంలో ఒక్క మాట అనాల్సింది. ఇందాక అంతమంది ముందు, మైకులో, ఇటలీ పిల్లను అడ్డం పెట్టుకుని చెప్పినదాన్ని, ఇద్దరి ముందు చెప్పలేకపోయాను. గుండెల మీంచి బరువు దిగిపోయి గాల్లో తేలిపోతున్నట్టుంది. ఆ సంతోషంలోనే ఏడుపు తన్నుకొచ్చింది.

మావ సగం అన్నం వదిలేసి, చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్లిపోయాడు.

అమ్మమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. ఎంగిలి చెయ్యి అని కూడా చూడకుండా నా మొహం తన చీరకు అదుముకుంది. "ఏడవకే నా తల్లీ. ఆడికి నువ్వొద్దా? ఆడికే రాసిపెట్టి నేదు. నిన్ను కాదన్న ముండాకొడుకు కళ్లముందు, ఆడి తలదన్నేవోడ్ని తెస్తాను నీకు, సూడు!" అని నా వీపు నిమురుతూ పెరటి గుమ్మం వైపు తిరిగి అరిచింది. "ఇన్నావేట్రా? పసిదాని ఉసురు పోసుకున్నావు! నీకు సిగ్గునేదా?"

"నేదమ్మా" అన్నాడు మావ పెరట్లోంచి. "తప్పు నాదే."

అమ్మమ్మ ఇంకా ఓదారుస్తూనే ఉంది. నేను ఓదార్పించుకుంటూనే ఉన్నాను.